వినోద చికిత్స : ఒక విద్య, ఒక వృత్తి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట కొలది పుస్తకములతో ఆరంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ శుభ సమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. లెక్కలు వ్రాసికొనుటయు, తీరిక వేళల ప్రాచీన గ్రంథములు తిరుగవేయుటయు తప్ప వేరొక పాండిత్యము లేని నాకు ఏ విషయము నెన్నుకొనవలెనో మొదట తోచలేదు. తుదకు మన పఠన మందిరమున యువకులు తరచుగా నడుగు ప్రశ్నయే నాకు విషయమైనది.

"రిక్రియేషనల్ థెరపీ అను చదువొకటి కలదట. అమెరికాలో విశ్వవిద్యాలయములు దానికి పట్టము లిచ్చునట. అది ఏమి చదువు? దానివలన అన్నము దొరకునా?" అని వారి ప్రశ్న. ప్రక్కన పత్రిక చదువుకొను పెద్దలు నవ్వి, "ఆడుకొనుటకు గూడ పట్టమెందుకురా! అట్లయిన మన చెరువుగట్టు మీది పిల్లలందరు పట్టభద్రులే" అందురు. పిల్లల ప్రశ్నకును, పెద్దల నవ్వునకును గూడ సమాధానము చెప్పదగియున్నది. రిక్రియేషనల్ థెరపీని వినోద చికిత్స యని తెలుగున చెప్పుకొందము. ఈ విద్య యెట్టిది, దానిని ఎట్లు చదువుదురు, చదివినవారు ఏమి చేయుదురు, మన బిడ్డ యెవరైన ఆ దారిని పోదలచిన ఏమి చూచుకొనవలెను, మన యూరికి దానితో ఏమి పని - ఈ వరుసను విన్నవించెదను.

రోగికి మందుతోబాటు మనస్సునకు ఉల్లాసము కూడ కావలెనను భావము మన పెద్దలకు క్రొత్తది కాదు. చరక సంహితలో సూత్రస్థానము పదునైదవ అధ్యాయమున, రాజునకో ధనవంతునకో శోధన చికిత్స చేయుటకు పూర్వము సిద్ధపరుపవలసిన గృహమును వర్ణించిరి. ఆ యిల్లు గట్టిదిగా నుండవలెను. గాలి ఒకవైపునుండి చక్కగా రావలెను. పొగయు, ఎండయు, దుమ్మును తగులరాదు. మందులు, పనిముట్లు, వంటవారు, స్నానము చేయించువారు ఉండవలెను. ఆ పరివారపు పట్టికలోనే పాటలు పాడువారిని, వాద్యములు వాయించువారిని, శ్లోకములును గాథలును చదువువారిని, కథలును ఇతిహాస పురాణములును తెలిసినవారిని గూడ చరకుడు చేర్చెను. వారు రోగి అభిప్రాయ మెరిగి మెలగువారై యుండవలెనని గూడ చెప్పెను. దుఃఖముచేతను శ్రమచేతను నలిగినవారికి నాట్యము విశ్రాంతి యొసగునని భరతముని నాట్యశాస్త్రపు మొదటి అధ్యాయముననే కలదు.

అయితే, "అన్నియు మన గ్రంథములలోనే యున్నవి" యని చెప్పి తృప్తిపడుట నాకు సమ్మతము గాదు. చరకుడు చెప్పిన ఏర్పాటు రాజునకును ధనికునకును. ఏ రోగికి ఏ పాట వినిపింపవలెను, ఎన్నిదినములు వినిపింపవలెను, వినిపించిన తరువాత రోగి ఎంత కోలుకొనెను అను లెక్క అందు లేదు. భావము మనయొద్ద చిరకాలముగా నున్నను, ఆ లెక్కను కట్టి, దానిని సామాన్యుని మంచముకడకు తెచ్చి, ఒక విద్యగాను వృత్తిగాను తీర్చిన ఘనత ఇతరులది. వారి చరిత్రను సంగ్రహముగా చెప్పెదను.

పదునెనిమిదవ శతాబ్దమున యూరపు ఖండమందు మతి చలించినవారిని గొలుసులతో కట్టియుంచుట వాడుక. 1796లో ఇంగ్లండు దేశపు యార్కు నగరమున విలియం ట్యూక్ అను క్వేకరు మతస్థుడైన వర్తకుడు "రిట్రీట్" అను ఆశ్రమము నెలకొల్పి, రోగులను మనుష్యులుగా చూచి, వారికి తోటపని, నడక, చదువు మొదలగు వ్యాపకములు కల్పించెను. 1859లో ఫ్లారెన్సు నైటింగేలు నర్సుల పనినిగూర్చి వ్రాసిన గ్రంథమున, ఎల్లప్పుడు అవే నాలుగు గోడలు చూచుచు పడియుండుట రోగికి ఎంతటి బాధయో, కంటికి క్రొత్త రంగులును మనసుకు మార్పును ఎంత మేలో వివరించెను. చిరకాల రోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడని గూడ ఆమె అభిప్రాయము. 1889లో షికాగో నగరపు బీదల వాడలో జేన్ ఆడమ్సు స్థాపించిన హల్ హౌస్ అను సేవాసదనమున, 1921 నుండి నీవా బాయిడ్ అను ఉపాధ్యాయిని ఆటలు నేర్పువారికి శిక్షణ నిచ్చెను. సామూహిక క్రీడలచే మనుష్యుని నడవడిని తీర్చవచ్చునని ఆమె విశ్వాసము. రెండు ప్రపంచ యుద్ధములందును అమెరికను రెడ్ క్రాసు వారు సైనిక వైద్యశాలలలో వినోద కార్యక్రమములు నడపిరి. యుద్ధమునుండి వేలకొలది క్షతగాత్రులు తిరిగివచ్చుటతో ఈ పనికి శిక్షితులైనవారు కావలసివచ్చిరి. విశ్వవిద్యాలయములు దీనిని పాఠ్యవిషయముగా గ్రహించుటకు ఇదియొక ముఖ్య కారణము.

ఈ చరిత్రలో ఇద్దరిని ప్రత్యేకముగా స్మరింపవలెను. మొదటివారు మన గ్రంథాలయమువారికి చుట్టము వంటివారు. ఆమె పేరు సేడీ పీటర్సన్ డిలేనీ. అమెరికాలో అలబామా రాష్ట్రమందలి టస్కీగీ పట్టణమున నల్లజాతి మాజీ సైనికులకొరకు ఏర్పడిన ఆసుపత్రిలో ఆమె 1924 నుండి 1958లో మరణించువరకు గ్రంథాలయాధికారిణిగా పనిచేసెను. ఆమె ఒక్కొక్క రోగి కథను తెలిసికొని, అతనికి ఏ పుస్తకము ఊరటయో, ఏ పుస్తకము ధైర్యమో ఆలోచించి, వైద్యులతో సంప్రదించి యిచ్చెడిది. చూపు కోల్పోయినవారికి నేర్పుటకై తాను బ్రెయిలి లిపి నేర్చికొనెను. పుస్తకములచే చేయు ఈ సేవకు "బిబ్లియోథెరపీ", అనగా గ్రంథ చికిత్స, యని పేరు. బీరువాకు తాళము వేసి కూర్చుండు గ్రంథాలయాధికారికిని ఈమెకును గల తారతమ్యమును వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవవారు డాక్టరు లుడ్విగ్ గుట్మన్. హిట్లరు పాలనలో జర్మనీని విడిచి ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల విభాగమున కాయన అధిపతి యయ్యెను. ఆ కాలమున అట్టి రోగి బహుకాలము బ్రతుకడని అందరు ఆశ వదలుకొనెడివారు. గుట్మన్ వారిని మంచముపైనుండి లేపి, చక్రాల కుర్చీలలో కూర్చుండబెట్టి, బంతులాడించెను, బాణములు వేయించెను. బాణము వేయుటవలన భుజములకును నడుమునకును బలము కలుగును. దానికంటె ముఖ్యముగా, "నేనింకను ఒకరితో పోటీపడగలను" అను తలంపు కలుగును. 1948 జూలై 29వ తేదీన, లండను ఒలింపిక్సు ప్రారంభమైన నాడే, ఆ యాసుపత్రి పచ్చికపై 16 మంది చక్రాల కుర్చీలలో విలువిద్య పోటీ జరిపిరి. 1960లో రోమునగరమున 23 దేశములనుండి 400 మంది వచ్చి ఆడిరి. నేటి పారాలింపిక్సు ఆ పచ్చికనుండి మొలచినవే. 1965 యుద్ధమున గుండ్ల దెబ్బలకు గురియైన మన భారత సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్బర్గు పారాలింపిక్సులో ఈతపందెమున స్వర్ణ పతకము గెలిచెను. ఆ పోటీలలో మన దేశమునకు లభించిన మొదటి స్వర్ణమది.

ఇక పెద్దల నవ్వునకు సమాధానము. ఆట వేరు, వినోద చికిత్స వేరు. చెరువుగట్టు మీద పిల్లవాడు ఆడుకొనునది ఆట. అదే యాటను ఒక రోగి నిమిత్తము, ఒక ప్రయోజనము నుద్దేశించి, కొలతతో నడపి, ఫలితమును వ్రాసియుంచినచో అది చికిత్స. ఈ పనికి వారు నాలుగంచెలు చెప్పుదురు: పరిశీలన, ప్రణాళిక, ఆచరణ, ఫల నిర్ణయము. వీనికి తోడు ప్రతి యంచెయందును వ్రాత. ఒక ఉదాహరణము చెప్పిన సులభముగా తెలియును.

అరువదియేండ్ల రైతు ఒకనికి పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయెననుకొందము. ప్రాణగండము గడచినది. కాలుసేతుల కదలికకొరకు ఫిజియోథెరపిస్టు కలడు. అన్నము తినుట, చొక్కా తొడుగుకొనుట మున్నగు నిత్యకృత్యములు తిరిగి నేర్పుటకు ఆక్యుపేషనల్ థెరపిస్టు కలడు. వినోద చికిత్సకుడు వచ్చి మొదట అడుగునది, "అయ్యా! జబ్బు చేయకముందు మీకు సంతోషము నిచ్చిన పనులేవి? ఎవరితో కూర్చుండెడివారు? సాయంకాలము ఎక్కడికి పోయెడివారు?" అని. రైతు, "రచ్చబండకడ పులిజూద మాడెడివాడను, శనివారము భజనలో చిరుతలు పట్టెడివాడను" అని చెప్పును. అతడెంతసేపు ఆసరాలేక కూర్చుండగలడు, వ్రేళ్ళతో ఏమి పట్టగలడు, మాట ఎంత స్పష్టముగా నున్నది, మనసు దిగులుపడియున్నదా - ఇవన్నియు కొలిచి వ్రాసికొనుట పరిశీలన. నా వృత్తి భాషలో చెప్పవలెనన్న ఇది ప్రారంభపు నిల్వ. పోయినది ఎంతయో అందరికి తెలియును. మిగిలినది ఎంతయో చూచి లెక్క మొదలుపెట్టుట ఈ శాస్త్రపు మర్మము.

తరువాతిది ప్రణాళిక. "రోగిని సంతోషముగా నుంచవలెను" అని వ్రాసిన చెల్లదు. "నాలుగు వారములు ముగియునప్పటికి ఇతడు ఆసరాలేక ఇరువది నిమిషములు కూర్చుండి, కుడిచేతితో పదిమారులు పావులు జరుపగలుగవలెను" అని కాలమును సంఖ్యను నిర్దేశించి వ్రాయవలెను. ఆచరణలో గులకరాళ్ళకు బదులు వ్రేళ్ళకు పట్టుదొరకునంత పెద్ద కొయ్యపావులు చేయించును. ముందు పదినిమిషములు, పిదప పదునైదు. ఎదుట ఆడుటకు పాత స్నేహితుని పిలిపించును. ఒకనాడు చక్రాల కుర్చీలో రచ్చబండకడకే తీసికొనిపోవును. త్రోవలో గతుకులెక్కడ, మెట్లెక్కడ, జనుల చూపులకు రోగి ఎట్లు కుంచించుకొనిపోవుచున్నాడు అనునది గూడ గమనించును. గడువు ముగిసిన పిదప ఫల నిర్ణయము. అనుకొన్నది జరిగినచో తరువాతి మెట్టు. జరుగనిచో కారణ మేమి, ఆట మార్చవలెనా, గడువు మార్చవలెనా అని విచారణ. అంతయు రోగి పత్రములలో వ్రాసి, వైద్యునకును నర్సునకును తెలుపవలెను. ఇంటికి పంపునపుడు, ఇకమీద ఖాళీ సమయము నెట్లు గడుపుకొనవలెనో రోగికిని ఇంటివారికిని నేర్పవలెను. పెద్దముత్తైదువ యైనచో ఇదే పని వామనగుంటలతో చేయవచ్చును: పదునాలుగు గుంటలలో చింతగింజ లొక్కొక్కటిగా తీసి వేయుట వ్రేళ్ళకు సాధకము, లెక్క గుర్తుంచుకొనుట బుద్ధికి సాధకము. ఆడుటకు ఎదుట మనిషి కావలెను గనుక ఒంటరితనమునకు గూడ అది మందు.

ఇట్టి పని చేయుటకు ఆటలు తెలిసిన చాలదని మీరే గ్రహింతురు. అందువలననే ఇది విశ్వవిద్యాలయపు చదువైనది. అమెరికాలో ఫిలడెల్ఫియా యందలి టెంపుల్, విస్కాన్సిన్ రాష్ట్రపు లా క్రాస్, ఉత్తర కరొలైనా యందలి ఈస్ట్ కరొలైనా మొదలగు విశ్వవిద్యాలయములు ఈ విద్యను బోధించుచున్నవి. సాధారణముగా నాలుగేండ్ల బాచిలర్ పట్టము. పైని మాస్టర్ పట్టము కూడ కలదు. విద్యార్థి శరీర నిర్మాణమును దాని వ్యాపారములను, పుట్టుక మొదలు వార్ధకము వరకు మానవుని ఎదుగుదలను, మనోవికారముల శాస్త్రమును తప్పక చదువవలెను. వానితోబాటు రోగిని పరిశీలించు పద్ధతులు, ప్రణాళికా రచన, సమూహములను నడపు నేర్పు, వికలాంగుల కనువుగా ఆటలను మార్చు విధము, వృత్తి ధర్మము మొదలగునవి నేర్చును. ఈత, చిత్రలేఖనము, సంగీతము, తోటపని, జంతువుల తోడి సాంగత్యము - ఇవన్నియు అతని చేతి పనిముట్లు.

చదువు తుదిలో అనుభవ శిక్షణము. అమెరికాలో ఈ వృత్తికి యోగ్యతాపత్ర మిచ్చు జాతీయ మండలి 1981లో ఏర్పడినది. దాని పేరు నేషనల్ కౌన్సిల్ ఫర్ థెరప్యూటిక్ రిక్రియేషన్ సర్టిఫికేషన్. ఈ మండలి నియమము ననుసరించి విద్యార్థి, యోగ్యతాపత్రము గల చికిత్సకుని పర్యవేక్షణలో, ఎడతెగక 14 వారములకు తక్కువ గాకుండ, మొత్తము 560 గంటలకు తక్కువ గాకుండ పనిచేయవలెను. లెక్క చూచిన వారమునకు 40 గంటలు, అనగా పూర్తి ఉద్యోగమే. పిదప మండలివారి పరీక్షయందు ఉత్తీర్ణుడైన సి.టి.ఆర్.ఎస్. అను బిరుదు లభించును. అంతటితో చదువు ముగియదు. అయిదేండ్ల కొకసారి, క్రొత్త విషయములు నేర్చుచున్నట్లు గంటలు చూపియో, మరల పరీక్ష వ్రాసియో పత్రమును నిలుపుకొనవలెను. యూటా, ఉత్తర కరొలైనా, ఓక్లహోమా, న్యూ హాంప్‌షైర్ వంటి కొన్ని రాష్ట్రములలో ప్రభుత్వపు లైసెన్సు కూడ కావలెను.

చదివినవారు ఎక్కడ పనిచేయుదురు? ఆసుపత్రులలో, మానసిక వైద్యశాలలలో, మాజీ సైనికుల వైద్యాలయములలో, వృద్ధులను ఉంచు నర్సింగు హోములలో, మద్యమునకు మాదక ద్రవ్యములకు లోబడినవారిని బాగుచేయు కేంద్రములలో, బుద్ధి మాంద్యము గల బిడ్డల పాఠశాలలలో. నర్సింగు హోములలో రోగులకు తగిన కార్యక్రమము లుండి తీరవలెనని అచ్చటి కేంద్ర ప్రభుత్వ నిబంధన. వానిని నడపుటకు అర్హులైనవారిలో వినోద చికిత్సకులు ఒకరు.

జీతము మాటకు వత్తము. దాచి చెప్పుట మంచిది కాదు. ఫిజియోథెరపిస్టుకు వచ్చునంత, ఆక్యుపేషనల్ థెరపిస్టుకు వచ్చునంత వీరికి రాదు. ఆ దేశములో నేడు ఫిజియోథెరపీకి డాక్టరు పట్టమును, ఆక్యుపేషనల్ థెరపీకి మాస్టరు పట్టమును కావలసియుండగా దీనికి బాచిలర్ పట్టము చాలుట అందుకొక కారణము. అంత పెద్ద దేశమునను ఈ వృత్తిలో నున్నవారు 20,000కు లోపే. కనుక ధనాశచే పోదగిన త్రోవ కాదు. ఓర్పు కావలెను: ఒకే రోగి ఒకే బంతిని వందమారులు జారవిడిచినను నూటయొకటవమారు అందింపగల ఓర్పు. సంతోషపెట్టుటకును కించపరచుటకును గల భేద మెరుగవలెను. ఎనుబదియేండ్ల వృద్ధునిచే పసిపిల్లల వలె చప్పట్లు కొట్టించుట చికిత్స కాదు, అవమానము. వ్రాతపనికి విసుగు చెందరాదు. రోగి మరణించిన మరునాడు మరియొక రోగికడకు ప్రసన్న ముఖముతో పోగల నిబ్బరము కావలెను. ఈ గుణములు కలవారికి మాత్రము, తాను చేయు పని వ్యర్థమని యెన్నడును తోపనీయని వృత్తి యిది.

మన బిడ్డలెవరైన ఈ త్రోవను పోదలచిన ఏమి చేయవలెను? ముందుగా మన దేశపు స్థితి చూతము. ఆక్యుపేషనల్ థెరపీకి బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1950లోనే కమలా నింబ్కర్ గారు పాఠశాల స్థాపించిరి. నేడు ఆ విద్య పలు తావుల కలదు. వినోద చికిత్సకు అంతటి బాట ఇంకను పడలేదు. అయినను 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టపు పట్టికలో, కళా నృత్య చికిత్సకులతో కలిపి, వినోద చికిత్సకుని పేరు చేర్చిరి. పేరు పట్టికలో చేరుట మొదటి మెట్టు. అంతమాత్రమున ఉద్యోగములు పుట్టవు. కనుక ఇంటర్మీడియెటు చదువుచున్న పిల్లలకు నా సలహా యిది: ముందు ఈ దేశముననే ఆక్యుపేషనల్ థెరపీ గాని, ఫిజియోథెరపీ గాని, మనశ్శాస్త్రము గాని, ప్రత్యేక విద్య గాని చదువుడు. సికిందరాబాదు మనోవికాస నగరములో 1984లో వెలసిన జాతీయ సంస్థ బుద్ధి మాంద్యముగల బిడ్డల విద్యకు సంబంధించిన శిక్షణము లిచ్చుచున్నది. బెంగుళూరు నిమ్హాన్సులో మనోవ్యాధి గ్రస్తుల పునరావాస విభాగము కలదు. ఇట్టి పునాది యుండిన, వినోద చికిత్సను పై చదువుగా చదివినను మానినను, చేతిలో కూడు పెట్టు విద్య యొకటి నిలుచును.

నేరుగా విదేశమునకే పోవుదుమను వారు కొన్ని సంగతులు వ్రాతమూలకముగా రూఢిపరచుకొనవలెను. ఆ విశ్వవిద్యాలయపు పాఠ్యక్రమము పైని చెప్పిన మండలి నియమములకు సరిపోవునా? 560 గంటల శిక్షణకు స్థలము విశ్వవిద్యాలయము చూపునా, విద్యార్థియే వెదకుకొనవలెనా? ఆ పదునాలుగు వారములు ఇతర సంపాదన లేక గడుచుటకు సొమ్మున్నదా? చదువుటకిచ్చిన వీసా ఉద్యోగమునకు హామీ కాదని ఇంటివారికి తెలియునా? దళారుల రంగుల కాగితములను నమ్మి పొలము తాకట్టు పెట్టకుడు. తాకట్టు పెట్టవలసియే వచ్చిన, చదువు ఖర్చు, భుక్తి ఖర్చు, వడ్డీ - మూడును ఒక కాగితముపై కూడి, పట్టము వచ్చినను ఒక సంవత్సరము ఉద్యోగము దొరకదని ఊహించి చూడుడు. అప్పటికిని నిలువగలిగిన పొండు. లెక్క వ్రాయుటకు సాయము కావలసినచో నేను సిద్ధముగా నున్నాను.

ఇక తుది విషయము, నా మనసునకు మిక్కిలి దగ్గరిది. ఈ విద్య చదివినవారు మన యూరికి ఎప్పుడు వత్తురో తెలియదు. అంతవరకు మన పని యేమి? మన వీధులలో నెమ్మదిగా నడచి చూడుడు. పక్షవాతముతో మంచము పట్టిన పెద్దలున్నారు. ఆటలో చేర్చుకొనబడక అరుగుపై కూర్చుండి చూచు బిడ్డలున్నారు. వారికి అన్నము పెట్టుటలో మనవారు లోపము చేయుటలేదు. వేళకు మందు వేయుదురు, పక్క దులుపుదురు. కాని అన్నము, మందు, పక్క - ఈ మూటితో రోజునకు ఒక గంట గడచును. మిగిలిన ఇరువదిమూడు గంటలు ఆ మనిషి ఏమి చేయవలెను? దూలములు లెక్కించుచు పడియుండవలెనా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 29వ విభాగమున సంస్కృతి వినోదములందును, 30వ విభాగమున క్రీడలందును వారికి పాలుండవలెనని విధించినది. రాజునకును ధనికునకును చరకుడు చెప్పిన ఏర్పాటు నేడు పేదవాని హక్కుగా చట్టమునకెక్కినది. మనము దయదలచి ఇచ్చునది కాదు.

వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు పేద యింటి బిడ్డ దీప్తి జీవాంజి సంగతి మీరు పత్రికలలో చదివియుందురు. బుద్ధి వికాసమునందు లోపముతో పుట్టిన ఆమెను బాల్యమున ఎగతాళి చేసిరని ఆమె తల్లిదండ్రులే చెప్పిరి. పాఠశాలలో ఆమె పరుగును గుర్తించినవారుండిరి, శిక్షణ నిచ్చినవారుండిరి. 2024 మే నెలలో జపాను కోబె నగరమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, తన వర్గమున అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే సంవత్సరము పారిసు పారాలింపిక్సున కాంస్య పతకము గెలిచెను. ప్రతి బిడ్డయు పతకము తెచ్చునని నేను చెప్పుటలేదు. ఆ బిడ్డను ఆటస్థలమునకు రానిచ్చినందువలననే ఆమె పరుగు లోకమునకు తెలిసినదని మాత్రము చెప్పుచున్నాను.

శిక్షణ లేని మనము చికిత్స చేయబూనరాదు. వ్యాధి వైద్యునిది. పొరుగువానిగా చేయదగిన పని మనది. అందుకై ఈ సభయెదుట మూడు కోరికలు విన్నవించుకొనుచున్నాను. మొదటిది: మన గ్రంథాలయపు గడప దాటిరాలేని వారి ఇంటికి వారమున కొకసారి పుస్తకము పోవలెను, చదువలేనివారికి ఒక గంట చదివి వినిపింపవలెను. 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లూరు - పెదవడ్లపూడి కాలువపై పడవ గ్రంథాలయము నడపి పల్లెలకు పుస్తకములు చేర్చిరి. నీటిపై నడచిన గ్రంథాలయము నాలుగు వీధులు నడువలేదా? ఏ పుస్తకము కావలెనో మనము నిర్ణయింపక వారినే అడుగవలెను. రెండవది: గ్రంథాలయపు మూడు మెట్ల ప్రక్క చక్రాల కుర్చీ ఎక్కుటకు వీలగు ఏటవాలు దారి ఒకటి కట్టవలెను, లోపల ఒక మూల పులిజూదపు పలక, వామనగుంటల పీట, చదరంగము ఉంచవలెను. ఇసుకకును సిమెంటునకును తాపీపనికిని అగు ఖర్చు ఈ రజతోత్సవపు మిగులు నిధిని మించదు. మూడవది: విద్యలను ఉద్యోగములను గూర్చిన పుస్తకములకు ఒక బీరువా కేటాయించి, ఆయా విశ్వవిద్యాలయముల నియమములను ఏటేట క్రొత్తవి తెప్పించి యుంచవలెను. మొదట చెప్పిన ప్రశ్నను మరియొక బిడ్డ అడిగినపుడు, నవ్వు కాక పుస్తకము సమాధానము చెప్పవలెను.

మొదటి కోరికకు పేర్లు నమోదు చేయుటకు నేడే ఒక పుస్తకము తెరచి బల్లపై నుంచితిని. ఎడమ ప్రక్క ఇంట నుండిపోయినవారి పేర్లు, కుడి ప్రక్క పోయి చదువదలచినవారి పేర్లు వ్రాయుటకు స్థలము విడిచితిని. సభ ముగిసిన పిదప దయచేసి ఒక్కమారు చూడుడు.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ జరుపుకొనుగాక యని కోరుచు విరమించుచున్నాను.